మర్రి దాటినాక ఎడమకు: చేవెళ్ల తొవ్వలో పండగ పార్సిళ్లు

దసరాకూ దీపావళికీ నడుమ మొయినాబాద్, చేవెళ్ల రోడ్డు మీద రెండు రకాల సరుకు ఎదురెదురుగా నడుస్తుంది. తెల్లవారకముందే బంతి, చామంతి, గులాబీ మూటలు హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతాయి. పొద్దెక్కేసరికి నగరం నుంచి అట్టపెట్టెలు ఊళ్లకు వస్తాయి. పూలు వాడకముందే చేరవలసిన చోటికి చేరుతున్నాయి. వందల మైళ్లు దాటివచ్చిన అట్టపెట్టె మాత్రం ఊళ్లోకి వచ్చాక, గడపకు అల్లంత దూరంలో ఆగిపోతోంది. ఎందుకు ఆగుతోందో చూడాలని 2025 అక్టోబర్‌లో, దీపావళి ముందటి వారం, ఈ రెండు ఊళ్లకూ వెళ్లాను.

ఆ యేడు రద్దీ మామూలుది కాదు. జీఎస్టీ తగ్గుతుందని ఆగస్టులోనే తెలియడంతో పెద్ద టీవీ, ఏసీ కొనాలనుకున్నవాళ్లు చాలామంది ఆగారు. సెప్టెంబర్ 22న కొత్త రేట్లు వచ్చాయి, ఆ వస్తువుల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. మర్నాడే ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ పండగ అమ్మకాలు మొదలుపెట్టాయి. 2014 అక్టోబర్ 6న ఫ్లిప్‌కార్ట్ తొలిసారి ఇలాంటి భారీ అమ్మకం పెట్టినప్పుడు జనం తాకిడికి వెబ్‌సైటే మొరాయించింది, వ్యవస్థాపకులు కొనుగోలుదారులకు క్షమాపణ చెప్పుకున్నారు. పదకొండేళ్లలో కంప్యూటర్ల సామర్థ్యం పెరిగింది. ఆర్డరు నిమిషంలో పడుతోంది. ఇరుకు అక్కణ్నుంచి జరిగి ఊరి గల్లీలోకి వచ్చింది.

మొయినాబాద్‌లో నేను చూసిన పార్సిళ్ల హబ్ ఒక షట్టర్ గది. లారీలోంచి దించిన సంచులు గోడ వెంట పేర్చి ఉన్నాయి. నలుగురు కుర్రాళ్లు ఒక్కో పెట్టెనూ స్కాన్ చేసి రూట్ల వారీగా నేల మీద కుప్పలు వేస్తున్నారు. చిలుకూరు, పెద్దమంగళారం, సురంగల్, తోల్కట్ట, కనకమామిడి: కుప్పకో ఊరి పేరు. మామూలు రోజుల్లో పొద్దున్నే ఖాళీ అయ్యే గది, పండగ రోజుల్లో నిన్నటి మిగులుతోనే తెరుచుకుంటుందని ఇన్‌చార్జి చెప్పారు. మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఒకసారి ఇంటిదాకా వెళ్లి తిరిగొచ్చినవే. అలా తిరిగొచ్చిన ప్రతి పెట్టె మర్నాటి సంచిలో కొత్త పెట్టె చోటు ఆక్రమిస్తుంది. రెండు మూడు రోజుల్లో ఆలస్యం పేరుకుపోయేది ఇట్లాగే.

ఆ కుప్పల ముందు కూర్చుని పెట్టెల మీది చిరునామాలు చదివాను. ‘హనుమాన్ గుడి వెనక’. ‘స్కూల్ ఎదురుగా, నీళ్ల ట్యాంకు గల్లీ’. ‘హైవే మీద మర్రిచెట్టు దాటినాక ఎడమకు, ఫామ్‌హౌస్’. రాసినవాళ్లకు ఆ గుర్తులు స్పష్టమే. కానీ అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా ఈ ఊళ్ల మీదుగా పోయే 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డుకు ఇరువైపులా, నేను వెళ్లినప్పటికి, తొమ్మిది వందల దాకా మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పులో అవి పోకూడదని పర్యావరణ ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది వాటికోసమే. అంత గొప్ప చెట్ల వరుసలో ఒక మర్రిని ఇంటి గుర్తుగా చెబితే కొత్తగా పనిలో చేరిన కుర్రాడు ఎక్కడని ఆగాలి?

డెలివరీ చేసే ఒక తమ్ముడి వెంట నా బండి మీద బయల్దేరాను. వీపు మీద పెద్ద సంచి, ముందు ట్యాంకు మీద ఇంకో మూట. పాత ఊళ్లలో పని చకచకా సాగింది. పేరు చెబితే చాలు, అరుగు మీది పెద్దాయన దారి చూపించేవాడు. ఊరు దాటి ఫామ్‌హౌస్‌ల వైపు తిరిగాక నడక మందగించింది. ఎత్తు గోడలు, నల్ల గేట్లు, మట్టి బాటలు. పేరు లేదు, నంబరు లేదు. ఒక గేటు దగ్గర కాపలా మనిషి ఉన్నాడు, ఓటీపీ మాత్రం నగరంలో ఉన్న యజమాని ఫోనుకు వెళ్లింది. ఆయన ఫోన్ ఎత్తలేదు.

“ఇంకొంచెంసేపు చూస్త అన్నా. ఎత్తకపోతే వాపస్ తీస్కపోవుడే. మల్ల రేపు గింత దూరం రావాలె,” అన్నాడు తమ్ముడు.

ఆ ‘మల్ల రేపు’ ఖర్చు ఎవరిదని అడిగాను. చేరిన పార్సిల్‌కే డబ్బులట. తిరిగిన దూరానికి, గేటు ముందు నిలబడ్డ సమయానికి లెక్క లేదు. పెట్రోలు సొంతం, బండి సొంతం. క్యాష్ ఆన్ డెలివరీ సొమ్ము సాయంత్రానికి రూపాయితో సహా సరిపోవాలి.

పండగ సీజన్లో అందరం చేసే ఫిర్యాదు ఒకటుంది. మనం ఇంట్లోనే ఉంటాం, ఫోన్ మోగదు, అయినా ‘వచ్చాం, మీరు లేరు’ అని సందేశం వస్తుంది. అది తప్పే. దాని గురించి హబ్ బయట చాయ్ తాగుతున్న కుర్రాళ్లను అడిగితే దాచకుండా చెప్పారు. చీకటి పడుతుంది, సంచిలో ఇంకా సరుకుంటుంది, ‘ఇవాళ చేరలేకపోయాను’ అని నిజం నొక్కితే ఆ మచ్చ కుర్రాడి లెక్కలో పడుతుంది. ‘కస్టమర్ లేరు’ అని నొక్కితే పడదు. నిజం చెప్పినవాడికే నష్టమొచ్చేలా కట్టిన పద్ధతిలో అబద్ధం పుట్టడానికి ఒక్క కుర్రాడి బుద్ధిని తప్పుపడితే సరిపోదు. అట్లాగని కొన్నవాళ్లు ఊరుకోనక్కరలేదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు కంపెనీ 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 అందుకే ఉంది. మన కోపం వెళ్లవలసింది అటు, గేటు ముందు నిలబడ్డ మనిషి మీదికి కాదు.

మధ్యాహ్నం పోస్టాఫీసుల వైపు మళ్లాను. ఇక్కడ ఇంకో చిక్కు తెలిసింది. చేవెళ్ల పిన్ 501503, మొయినాబాద్‌ది 501504. అదే మొయినాబాద్ మండలంలోని అజీజ్‌నగర్‌కు మాత్రం హైదరాబాద్ వరుసలో 500075. మండలం ఒకటే కదా అని ఒకదాని బదులు ఇంకొకటి రాస్తే పెట్టె వేరే దారి పట్టి, చుట్టు తిరిగి వస్తుంది. 1972 ఆగస్టు 15న శ్రీరామ్ భికాజీ వెలంకర్ రూపకల్పనతో వచ్చిన ఆరంకెల పిన్, ఉత్తరాన్ని సరైన పోస్టాఫీసుకు చేర్చడానికి పుట్టింది. అక్కణ్నుంచి ఇంటికి చేర్చేది పోస్ట్‌మ్యాన్ జ్ఞాపకం. ఊళ్లో బట్వాడా చేసే గ్రామీణ డాక్ సేవక్‌కు ఏ ఇంటి కోడలి పుట్టిల్లు ఏ ఊరో కూడా తెలుసు. పండగకు నెల రోజుల కోసం పెట్టుకున్న కుర్రాడికి ఆ జ్ఞాపకం ఎక్కణ్నుంచి వస్తుంది?

పోస్టాఫీసులోనే ఒక తల్లి కనిపించింది. చేతి సంచిలో గరిజెలు, అప్పాలు, కోడలికి చీర. కొడుకు డల్లాస్‌లో ఉద్యోగం. వీసా కోసం చిలుకూరు బాలాజీకి మొక్కుకుని, వచ్చాక 108 ప్రదక్షిణలు చేసిన కుటుంబం. “పండగకు అందుతదా సారూ, ఎన్నొద్దులు పడ్తది?” అని అడుగుతోంది. అమెరికా చిన్న పార్సిళ్ల మీద సుంకం మినహాయింపు ఎత్తేయడంతో మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి ఆ దేశానికి పార్సిళ్లు తీసుకోవడం ఆపేసింది. సుంకం ఇక్కడే ముందుగా కట్టే పద్ధతి కుదిరి, అక్టోబర్ 15న మళ్లీ మొదలుపెట్టింది. అప్పటికి దీపావళికి అయిదు రోజులే ఉంది. దసరా అప్పాలు వెళ్లలేదు, దీపావళివీ సమయానికి అందవు. ఎక్కడో తీసుకున్న సుంకాల నిర్ణయం మొయినాబాద్‌లో ఒక తల్లి చేతి సంచి దాకా వచ్చింది.

ఇంటిని గుర్తుపట్టే సమస్యకు సాధనం లేక కాదు. 2025 మే 27న తపాలా శాఖ డిజిపిన్ విడుదల చేసింది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ కలిసి రూపొందించిన పద్ధతి అది. దేశం మొత్తాన్ని సుమారు నాలుగు మీటర్ల చదరాలుగా విడదీసి, ఒక్కో చదరానికి పది అక్షరాల, అంకెల గుర్తు ఇచ్చారు. ఆ ఐఐటీ ఉన్న కంది ఇక్కడికి పక్క జిల్లాలోనే ఉంది. అయినా నేను మాట్లాడిన డెలివరీ కుర్రాళ్లలో ఒక్కరూ ఆ పేరు వినలేదు.

చేవెళ్ల, మొయినాబాద్ 2025 జనవరిలో మున్సిపాలిటీలయ్యాయి. పంచాయతీ నాటి ఇంటి నంబర్లు కొన్ని గోడల మీద ఇంకా ఉన్నాయి, ఒకదాని పక్కన ఇంకొకటి వరుస తప్పి. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో 84 గ్రామాల్లో కట్టడాలపై ఆంక్షలు పెట్టిన 111 జీఓ పరిధిలోకే మొయినాబాద్ ఊళ్లు చాలావరకు వచ్చాయి. చెరువులను కాపాడిన ఆ ఆంక్షలు అవసరమైనవే. వాటి నీడలో లేఅవుట్ లేకుండా లేచిన కట్టడాలకు మాత్రం వీధి పేరూ లేదు, వరుస నంబరూ లేదు. పట్టణం అనే పేరు వచ్చినా, పట్టణపు చిరునామా ఇంకా రాలేదు.

సాయంత్రం చేవెళ్ల నుంచి వెనక్కి వస్తుంటే రోడ్డు కిక్కిరిసి ఉంది. కూరగాయల ఆటోలు, కంకర టిప్పర్లు, రిసార్టులకు వెళ్లే కార్లు, బస్సులు, వాటి మధ్య సంచులు మోస్తున్న బైకులు. ఎక్కువచోట్ల నడుమ డివైడర్ లేని ఇరుకు దారి. తర్వాత కొద్ది రోజులకే, నవంబర్ 3న, మీర్జాగూడ దగ్గర తాండూరు ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని 19 మంది ప్రాణాలు పోయాయన్న వార్త చూశాను. అదే రోడ్డు మీద వేళ మించిందని తొందరపడే కుర్రాళ్లు గుర్తొచ్చి గుండె ఝల్లుమంది. ‘రేపటికల్లా’ అన్న మాట వెబ్‌సైట్ ఇస్తుంది. దాన్ని నిలబెట్టే భారం బైకు మీది మనిషి మోస్తాడు.

అందుకే నాకు తోచింది సూటిగా చెబుతాను. మున్సిపాలిటీలు ఇంటింటికీ వరుస నంబరు, ప్రతి గల్లీకి పేరు పలక పెట్టాలి, గేటు మీద డిజిపిన్ రాయించాలి. కంపెనీలు చేరిన పెట్టెకే కాక తిరిగిన దూరానికీ డబ్బు కట్టాలి, ‘చేరలేకపోయాను’ అని నిజం చెప్పినవాడిని శిక్షించకూడదు. కొనేవాళ్లం సరైన పిన్ రాసి, లొకేషన్ పంపి, ఇంట్లో ఉన్న మనిషి నంబరు ఇచ్చి, ఫోన్ ఎత్తాలి.

పార్సిల్ ఒక రోజు ఆలస్యమైతే ఎవరి బతుకూ ఆగదు. కానీ రాత్రివేళ గుండె నొప్పి వచ్చినవాళ్ల కోసం బయల్దేరే 108 బండి కూడా అదే మట్టి బాటలో, పేరు లేని అవే గేట్ల మధ్య ఇల్లు వెతుక్కుంటుంది. ఇంటికి చిరునామా ఇవ్వడం కంపెనీల వ్యాపారం కోసం చేసే సాయం కాదు, ఊరు తన మనుషులకు చేయవలసిన మొదటి పని.