ఫోనులో అబ్బా

మా పిల్లలు ఫోనుకు అతుక్కుపోయారని అందరూ అంటున్నారు. బడిలో పంతుళ్లు అంటున్నారు, మసీదు మెట్ల మీద పెద్దలు అంటున్నారు, దావతుల్లో దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని చుట్టాలూ అంటున్నారు. అబద్ధమని మేం అనం. పన్నెండు పదమూడేళ్ల పిల్లలు అర్ధరాత్రి దాటినా దుప్పటి కింద ఫోను వెలిగించుకునే ఉంటున్నారు. కానీ ఆ ఫోను మా ఇళ్లలోకి ఎట్లా వచ్చిందో ఎవరన్నా అడిగారా?

జగిత్యాల, కోరుట్లలో అది ఆటవస్తువుగా రాలేదు. అబ్బాగా వచ్చింది. దుబాయికో, సౌదీకో పోయిన మనిషి రెండేళ్లకో మూడేళ్లకో వస్తాడు. అకామా లేక ఖల్లివెల్లి అయ్యాడంటే ఆ రావడమూ లేదు. మా చిన్నప్పుడు క్యాసెట్లో మాటలు నింపి పంపేవాళ్లు. ఇప్పుడు ఫోనులో ముఖం కనిపిస్తుంది. దుబాయిలో వాట్సాప్ కాల్ కలవదు కాబట్టి అక్షరం రాని నానీలకు కూడా ఐఎంఓ తెలుసు. మూడేళ్ల పిల్ల ఫోను అద్దాన్ని ముద్దుపెట్టుకుని 'అబ్బా' అంటే మురిసిపోతాం. పదేళ్ల తర్వాత అదే పిల్ల ఫోను వదలకపోతే ఖరాబైందంటాం.

మరి అమ్మీ? బీడీలు చేస్తుంది. వెయ్యికింత అని కూలి. ఒళ్లో చాట, చేతిలో కత్తెర. తునికాకు కత్తిరించాలి, తంబాకు నింపాలి, దారం చుట్టాలి. చెయ్యి ఆగితే పైసలు ఆగుతాయి. ఏడ్చే పిల్లను ఎత్తుకోవడానికి ఆ చేతులు ఖాళీ ఉండవు. పక్కన ఫోను ఉంటుంది.

సిరిసిల్ల సాంచెల కాడ ఎక్కువమంది పద్మశాలీలు. కష్టం మాత్రం మాకు తెలిసిందే. 2017 నుంచి 2023 దాకా బతుకమ్మ చీరల ఆర్డర్లు అక్కడి ఇళ్లకు కొంత ఆసరా అయ్యాయి. అవి ఆగాక చాలా సాంచెలు ఆగాయి. అప్పు, తాగుడు, రాత్రిపూట కొట్లాట ఉన్న ఇంట్లో పిల్లవాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోక ఏం చేస్తాడు?

1998లో అమెరికా డాక్టర్లు ఫెలిట్టి, ఆండా చిన్ననాటి గాయాల లెక్క తీశారు. దెబ్బలు, తిట్లు, ఇంట్లో తాగుడు, తల్లి మీద చేయిచేసుకోవడం, ఇంటి మనిషి జైలుకు పోవడం వంటివి ఎన్ని ఎక్కువైతే పెద్దయ్యాక రోగాలు అంత ఎక్కువని చూపారు. ఆ తర్వాత అక్కడే పదకొండు వేల పైచిలుకు పిల్లలను తొమ్మిది పదేళ్ల వయసు నుంచి గమనిస్తూ వస్తున్న ఏబీసీడీ అధ్యయనంలో, ఇట్లాంటి గాయాలు ఎక్కువున్న పిల్లల్లోనే ఫోను, ఆటల వ్యసన లక్షణాలు కూడా ఎక్కువ కనిపించాయి. ఒకటి రెండోదానికి కారణమని అంతమాత్రాన తేలదు. కానీ ఫోను గుంజుకునే ముందు పిల్లవాడి బతుకు చూడాలని మాత్రం తేలుతుంది.

ఆ 1998 పట్టికలో మా గాయం ఒకటి లేదు. వివక్ష. దాన్ని తర్వాత ఫిలడెల్ఫియా సర్వేలో చేర్చారు. మాకు మాత్రం ఏ సర్వే అక్కర్లేకుండానే తెలుసు. 2020 వసంతంలో 'కరోనా జిహాద్' అన్న మాట ఫోను ఫోనుకూ తిరిగింది. అదే ఏడు సెప్టెంబర్ 1న ఆన్‌లైన్ పాఠాలు మొదలై, టీవీలో పాఠం అందని చోట ఫోను పిల్లల చేతికే వచ్చింది. పాఠం వచ్చే ఫోనులోనే తన కౌమ్‌ను తిట్టే వీడియో కూడా వస్తే పదమూడేళ్లవాడు ఎవరిని అడగాలి? అబ్బా డ్యూటీలో ఉంటాడు. అమ్మీ కట్టలు లెక్కపెడుతుంటుంది. అడిగినా 'సబర్ కర్ బేటా' అంటుంది.

వాడు ఆటలోకి పోతాడు. అక్కడ పేరు తనే పెట్టుకుంటాడు. ఆ పేరు విని ఇల్లు కిరాయికి లేదని ఎవరూ అనరు. పాకిస్తాన్ పొమ్మని ఎవరూ అనరు. గెలిస్తే గెలిచినట్టే. పాఠాలు మొదలైన మర్నాడే, సెప్టెంబర్ 2న, ప్రభుత్వం పబ్‌జీని నిషేధించింది. ఆ ఆట పోయింది, ఇంకో ఆట వచ్చింది. పేరు దాచుకోవాల్సిన అవసరం మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఫోను హరామని చెప్పి ఊరుకునే మా పెద్దలకూ, తప్పంతా మా తల్లుల చదువులేనితనానిదేనని తేల్చే సెక్యులర్ మిత్రులకూ మేం చెప్పేది ఒకటే. ఆటల వ్యసనం జబ్బేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒప్పుకుంది. జబ్బుకు మందు కావాలి, మందలింపు కాదు. టెలి మానస్ 14416కు పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు బీడీ కార్ఖానా గోడ మీద, మసీదు గేటు మీద, బడి బోర్డు మీద రాయండి. ఆ వీడియో పంపింది మీ బంధువైతే, మీ గ్రూపులోనే ఆయన్ను నిలదీయండి. మా పిల్లవాడు ఫోను పక్కన పెట్టి వీధిలోకి వస్తే, తన పేరు తను చెప్పుకుని ఆడుకోగలగాలి.