ఆ మాట ఆయనతో అన్నారా?

రాజమహేంద్రవరంలో, గోదావరి గట్టుకు నాలుగు వీధుల ఇవతల ఒక పాత పెంకుటిల్లు ఉంది. వీధి గుమ్మానికి అటూ ఇటూ రెండు అరుగులు. ప్రతి సాయంకాలం అయిదు గంటలయ్యేసరికి కుడి అరుగు మీది పడక కుర్చీలో ఒక విశ్రాంత తెలుగు పండితులు ఆసీనులవుతారు. ఎడమ అరుగు ఫిర్యాదీలది. రుసుము లేదు, వకీలు లేడు, వాయిదాలు అసలే లేవు. ప్రహసనాలు రాసి లోకం చేత నవ్వుతూనే చెంపలు వేయించిన వీరేశలింగం పంతులుగారి ఊరది. అటువంటి ఊళ్ళో ఇటువంటి న్యాయస్థానం వెలియడంలో ఆశ్చర్యం లేదు.

ఈ కొలువుకు మూలం మాస్టారు కాదు, ఆయన ఇల్లాలు. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ దశాబ్దాల తరబడి నిర్వహించిన 'ప్రమదావనం' శీర్షికను ఆమె వారం తప్పకుండా చదివేది. ఎవరి ఇంట్లో ఏ చిక్కు వచ్చినా, పత్రికకు రాయండని సలహా చెప్పేది. మాస్టారు ఉద్యోగ విరమణ చేసి ఇంట్లో కూర్చున్న తరువాత, "ఊరికే కూర్చుని నా వంటకు వంకలు పెట్టే బదులు ఆ అరుగు మీద కూర్చుని లోకం వంకలు వినకూడదా?" అన్నది. లోకోపకారాలు చాలావరకు ఇలాగే ప్రారంభమవుతాయి.

మాస్టారి విచారణకు ఒక పద్ధతి ఉంది. ఎవరు ఏ గోడు వెళ్ళబోసుకున్నా మొదట ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే. "ఈ మాట ఆయనతో అన్నారా?" నూటికి తొంభైమంది నాలుక కరుచుకుంటారు. "అయ్యో, ఆయనతో ఎలా అంటామండీ! బాగుండదు" అంటారు. "నాతో అంటే బాగుందా?" అని మాస్టారు నవ్వుతారు. మనవాళ్ళ గొణుగుడుకు ఒక విచిత్ర లక్షణం ఉన్నదని ఆయన సిద్ధాంతం. అది ఊరంతా తిరుగుతుంది, చేరవలసిన గుమ్మం ఒక్కటీ తప్ప.

ఒకనాడు ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. ఉదయం పత్రిక గుమ్మంలో పడీపడకముందే పక్కింటి పెద్దమనిషి పట్టుకుపోతున్నాడట. మధ్యాహ్నానికి తిరిగి వచ్చేసరికి దాని మీద కాఫీ మరకలు, మడతల్లో జంతికల ముక్కలు. మొహమాటం కొద్దీ ఏమీ అనలేక పోతున్నాడు. మాస్టారు ఆలోచించి సెలవిచ్చారు: "మీరు ఒక పది నిమిషాలు ముందు లేవండి. పదకేళి గడులలో సగం తప్పు సమాధానాలతో, సిరాతో నింపండి. తరువాత మీరే స్వయంగా తీసుకువెళ్ళి ఇవ్వండి." వారం తిరగకుండా ఆ పెద్దమనిషి సొంతంగా పత్రిక వేయించుకున్నాడు. అంతేకాదు, అడ్డం ఏడుకు సమాధానం ఏమిటో చెప్పడానికి ప్రతి ఉదయం బ్యాంకు ఉద్యోగి ఇంటికి రావడం మొదలుపెట్టాడు. ఒక చిక్కు విడదీస్తే మరొకటి పడుతుందని మాస్టారు ముందే హెచ్చరించి ఉన్నారు.

మరొక గృహిణి గోడు భర్త గురక గురించి. శబ్ద కాలుష్యంపై 2000 సంవత్సరంలో వచ్చిన నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో రాత్రి వేళ శబ్దం 45 డెసిబెల్స్ మించకూడదు. "నిబంధన ఉన్నది కాని, తల్లీ, భర్తను ధ్వనివర్ధకంగా పరిగణించే అవకాశం అందులో లేదు" అని మాస్టారు విచారం వెలిబుచ్చారు. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కు జారి శ్వాసమార్గం ఇరుకవుతుంది, గురక హెచ్చుతుంది. కనుక ఆయన బనీను వీపు భాగాన ఒక జేబు కుట్టి, అందులో చిన్న బంతి ఒకటి పెట్టమన్నారు. వెల్లకిలా తిరగబోతే బంతే పక్కకు తిప్పుతుంది. అంతవరకు పరిహాసంగా చెప్పిన మాస్టారు గొంతు మార్చి మరొక మాట అన్నారు. "గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేస్తున్నారా? పగలు కునికిపాట్లు పడుతున్నారా? అయితే బంతి చాలదు. వైద్యుడికి చూపించు. నవ్వవలసినవీ, నవ్వకూడనివీ పక్కపక్కనే ఉంటాయి."

రైలు ప్రయాణీకుల తగవులు మరీ జాస్తి. మధ్య బెర్తు వాడు ఏడు గంటలకే పడక వాల్చి పడుకుంటాడు. కింది బెర్తు వాడు మెడ వంచుకుని, వినాయకుడి ముందు గుంజిళ్ళు తీసేవాడిలా కూర్చోవలసి వస్తుంది. రైల్వే వారి నియమం ప్రకారం పడుకునే వేళ రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు. 2017కు పూర్వం అది 9 గంటలకే మొదలయ్యేది. మాస్టారు ఈ నియమాన్ని ఉటంకించి, వెంటనే మరొకటి జోడిస్తారు: "చట్టం పది గంటలకు వస్తుంది. పులిహోర ఎనిమిది గంటలకే రావచ్చు. ముందు పొట్లం విప్పి ఆయనకు ఒక ముద్ద పెట్టండి. మన పులిహోర తిన్నవాడు మన మెడ వంచడు." అదే బండిలో చరవాణిని గొంతెత్తి మోగించే యువకులకు కూడా ఆయన దగ్గర మందున్నది. విసుక్కోవద్దంటారు. పక్కకు జరిగి, ఆ తెరలోకి తొంగిచూసి, "ఆ పిల్ల ఎవరు నాయనా? వాడెందుకు పరుగెత్తుతున్నాడు? చివరికి ఏమవుతుంది?" అని మహా శ్రద్ధగా అడగాలట. తరువాతి స్టేషను వచ్చేలోపల ఆ యువకుడు చెవుల్లో పెట్టుకునే తీగలు తప్పక తీస్తాడట.

పెళ్ళిళ్ళ కాలంలో ఎడమ అరుగు చాలదు. 1994లో తన పెళ్ళికి మేనమామ వరుసవారు 116 రూపాయలు చదివించారనీ, ఇప్పుడు వారి మనుమరాలి పెళ్ళికి తాను ఎంత చదివించాలనీ ఒకాయన పాత చదివింపుల పుస్తకం పట్టుకుని మరీ వచ్చాడు. మాస్టారు ముందుగా చరిత్ర చెప్పారు. నిజాం రాజ్యంలో చెలామణి అయిన హాలీ సిక్కా రూపాయలు 7 ఇస్తే బ్రిటిషు రూపాయలు 6 వచ్చేవి. ఆ లెక్కన నూరు బ్రిటిషు రూపాయలకు సుమారు నూటపదహారు హాలీ రూపాయలు. మన నూటపదహార్లు అక్కడినుండే వచ్చాయని చెప్పేవారున్నారు. "చూశారా, చదివింపులో మొదటినుంచీ మారకం చిక్కు ఉండనే ఉంది. మీరు వడ్డీ కట్టి లెక్క తేల్చలేరు. శక్తికొద్దీ ఒక కవరు ఇవ్వండి. ముందు రోజే వెళ్ళి, కండువా నడుముకు బిగించి, రెండు బంతులు వడ్డించండి. కవరులోని కాగితానికి ఏటేటా విలువ తగ్గుతుంది. మొదటి బంతిలో నెయ్యి వడ్డించినవాడి విలువ ఎన్నటికీ తగ్గదు."

ఇంతటి వివేకి ఇంట్లో ఒక అల్మారా పై అరలో, పదకొండేళ్ళుగా ఎవరూ తాకని ఒక శుభలేఖ ఉంది.

అది 2013లో కాకినాడలో జరిగిన మాస్టారి అన్నగారి కుమార్తె పెళ్ళి శుభలేఖ. బంధుమిత్రుల అభినందనల కింద మాస్టారి పేరు అచ్చువేశారు. పేరు పక్కన 'విశ్రాంత తెలుగు పండితులు' అని ఉండవలసిన చోట 'విభ్రాంత తెలుగు పండితులు' అని పడింది. ఒక్క అక్షరం. ముప్ఫైరెండేళ్ళు ఇతరుల ఒత్తులూ దీర్ఘాలూ దిద్దిన మనిషికి, నలుగురి ముందు, మతి చెదిరినవాడన్న బిరుదు! పెళ్ళిపందిట్లో ఎవరో ఆ మాట పైకి చదివారు. పందిరి గొల్లుమన్నది. అన్నగారు కూడా నవ్వారు. అందరికంటే బిగ్గరగా నవ్వారని మాస్టారికి తోచింది. చిన్ననాటినుండి తన చాదస్తాన్ని ఆటపట్టించే అన్నగారే కావాలని చేయించారన్న అనుమానం ఆ క్షణాన పుట్టింది. తాంబూలం అందుకోకుండా మాస్టారు బస్సెక్కారు. అటు తరువాత పండుగలు వచ్చాయి, వెళ్ళాయి. రెండు ఊళ్ళ మధ్య దూరం అరవై పైచిలుకు కిలోమీటర్లే. పదకొండేళ్ళలో అది తరగలేదు.

మొన్న కార్తీకంలో పక్కింటి చిన్నపిల్ల, ఎనిమిదో తరగతి చదువుతున్నది, పద్యాలు అప్పజెప్పడానికి వచ్చి దిగులుగా కూర్చుంది. ఏమిటంటే, ప్రాణస్నేహితురాలు తనను పుట్టినరోజుకు పిలవలేదట. అప్పటినుండి మాటలు లేవు.

"ఎందుకు పిలవలేదో ఆ అమ్మాయిని అడిగావా?" అన్నారు మాస్టారు అలవాటు కొద్దీ.

"నేనెందుకు అడగాలి తాతగారూ? తప్పు తనదైతే!"

"తప్పు తనదో కాదో అడిగితే కదా తెలిసేది! అడగనివాడికి తీర్పు చెప్పే హక్కు లేదమ్మా. అడిగేవరకు నీ దగ్గర ఉన్నది అనుమానమే కాని సాక్ష్యం కాదు."

లోపల కవ్వం చప్పుడు ఆగింది. గుమ్మం వెనుకనుండి ఇల్లాలి గొంతు వినిపించింది. "ఏమండీ, ఆ ముక్క కాకినాడకు కూడా వర్తిస్తుందా?"

మాస్టారు మాట్లాడలేదు. పిల్ల ఇద్దరినీ మార్చిమార్చి చూసి పుస్తకం మూసుకుని వెళ్ళిపోయింది. ఇల్లాలు వాకిట్లోకి వచ్చి, చేయి తుడుచుకుంటూ, ఆ రోజు మధ్యాహ్నం వచ్చిన ఫోను కబురు చెప్పింది. అన్నగారికి పక్షవాతం వచ్చి మూడు వారాలయింది. ప్రాణభయం లేదన్నారు. కుడిచేయి కొద్దిగా పడింది. మాట కూడదీసుకుని చెప్పవలసి వస్తున్నది.

ఆ రాత్రి మాస్టారు భోజనం చేస్తూ చారులో ఉప్పు తక్కువైందని అనలేదు. ఇల్లాలికి భయం వేసింది. సణిగే మనిషి సణగడం మానితే ఇంట్లో దీపం తగ్గించినట్లుంటుంది. గొణుగుడంటే ఏమిటి? ఎదుటివాడు ఇంకా వింటున్నాడన్న నమ్మకం. ఆ నమ్మకం పోయినచోట గొణుగుడు ఉండదు, మౌనం ఉంటుంది. సలహా చెప్పడానికి వీలైన జబ్బు మొదటిది. రెండవదానికి ఊరి అరుగులన్నీ కలిసినా వైద్యం చేయలేవు.

మరునాడు తెల్లవారుజామున మాస్టారు ఆత్రేయపురం పూతరేకుల పొట్లం ఒకటి, అల్మారా పై అరలోని శుభలేఖ ఒకటి సంచిలో పెట్టుకుని కాకినాడ బస్సెక్కారు. శుభలేఖ ఎందుకంటే ఆయనకే తెలియదు. వాదించడానికి వెళ్ళేవాడు సాక్ష్యం లేకుండా ఎలా వెళతాడు?

వదినగారు తలుపు తీసి, కన్నీళ్ళు పెట్టుకోలేదు, నిష్ఠూరమాడలేదు. "కాళ్ళు కడుక్కోవయ్యా, కాఫీ ఇస్తాను" అన్నది, నిన్న వెళ్ళి ఇవాళ వచ్చినవాడితో అన్నట్లు. అన్నగారు మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. మాస్టారు దారంతా నేర్పుగా కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ నోటికి రాలేదు. చివరికి సంచిలోంచి శుభలేఖ తీసి, ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి, "ఇది నీవు కావాలని వేయించావా అన్నయ్యా?" అన్నారు. డెబ్బై ఏళ్ళ మనిషి గొంతు పదేళ్ళ పిల్లవాడిలా వణికింది.

అన్నగారు చాలాసేపు ఆ కాగితం వంక చూశారు. తరువాత ఎడమచేత్తో భార్యకు సైగ చేశారు. ఆమె ఇనుప పెట్టె తెరిచి, పెళ్ళి ఫొటోల అడుగునుండి ఒక నలిగిన కాగితం తెచ్చింది. అది ఆ శుభలేఖకు ముద్రణాలయం వారు దిద్దుబాటుకు పంపిన ప్రతి. 'విభ్రాంత' అన్న మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుట్టి ఉంది. అంచున అన్నగారి గుండ్రని చేతివ్రాత: 'విశ్రాంత. తమ్ముడు ఊరుకోడు. తప్పక సరిచేయగలరు.' తమ్ముడు అనే మాట కింద రెండు గీతలు.

అచ్చువారు సరిచేయలేదు, అంతే. పందిట్లో అన్నగారు నవ్వినది ఆ గీతలు తలచుకుని.

"మరి ఈ పదకొండేళ్ళలో ఒక్కసారి చెప్పకపోయావా?" అన్నారు మాస్టారు, కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని.

అన్నగారు మాట కూడదీసుకున్నారు. ఒక్కొక్క అక్షరం మెట్టు దిగినట్లు దిగింది. "నువ్వు... అడగ... లేదుగా." కాసేపు ఆగి, నోటి ఎడమ కొసన ఒక నవ్వు మెరిపించి, "వి...భ్రాంత... పండితుడా!" అన్నారు.

ఆ ఇంట్లో ఆ పూట భోజనాలు ఆలస్యమయ్యాయి. పూతరేకులు మెత్తబడ్డాయని అన్నగారు సణిగారు. ఫ్యాను గాలి చాలడం లేదని మాస్టారు విసుక్కున్నారు. వదినగారు వంటింట్లో ఒంటరిగా కళ్ళు తుడుచుకున్నది. చాలా కాలానికి ఇల్లు ఇల్లులా వినిపించింది.

మూడవనాటి సాయంకాలం ఎడమ అరుగు నిండి ఉంది. గురక ఇల్లాలు, బ్యాంకు ఉద్యోగి, చదివింపుల ఆయన, చివరన ఎనిమిదో తరగతి పిల్ల. పిల్ల పక్కన ఆమె స్నేహితురాలు కూడా ఉంది. పిలుపు చీటీ ఆ అమ్మాయి తమ్ముడి జేబులోనే ఉండిపోయిందట.

"రెండు రోజులు కొలువు మూసేశారేమండీ మాస్టారూ?" అని ఎవరో అడిగారు.

మాస్టారు పడక కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. "నా ఫిర్యాదు ఒకటి పైకోర్టులో ఉండిపోయింది. తీర్పు విని వచ్చాను. ఓడిపోయాను" అన్నారు. "అబ్బ, ఎంత హాయిగా ఉందో!"