రిపోర్టులో ఆ ఒక్క అంకె

రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే మనలో ఎవరూ పైనుంచి కిందికి చదవం. నల్లగా దిద్దిన అక్షరాలు ఎక్కడున్నాయా అని వెతుకుతాం. షుగరో, కొలెస్ట్రాలో అయితే ఫర్వాలేదు. 'రేపట్నుంచి అన్నం తగ్గించు' అంటూ ఇంటిల్లిపాదీ సలహాలిస్తారు. కొన్ని పేర్లు మాత్రం అలా కాదు. అవి రిపోర్టులో కనిపిస్తే సలహాలు రావు, చూపులు వస్తాయి. హెర్పిస్ అలాంటి పేరు.

మా చెల్లికి మొదటిసారి గర్భం మూడోనెలలో పోయింది. మళ్ళీ బిడ్డ కోసం అనుకునేముందు టార్చ్ టెస్టు చేయించుకుంది. టాక్సోప్లాస్మా, రుబెల్లా, సైటోమెగలోవైరస్, హెర్పిస్... ఈ నాలుగింటి కోసం ఒకేసారి చూసే పరీక్ష అది. రిపోర్టులో హెర్పిస్-2 ఐజీజీ 1.6 అనీ, పక్కనే పాజిటివ్ అనీ ఉంది. ఐజీఎం దగ్గరేమో 'ఈక్వివోకల్'. అంటే అటూ కాదు, ఇటూ కాదు. (ఇదంతా చెల్లి రాయమంటేనే రాస్తున్నాను.)

మా మరిది ఇంటర్నెట్‌లో వెతికాడు. 'లైంగికంగా సంక్రమించేది' అన్న మాట దగ్గర ఆగిపోయాడు. ఏమీ అనలేదు. వాళ్ళత్తగారు కూడా ఏమీ అనలేదు కానీ, చెల్లి మంచినీళ్ళ గ్లాసు మాత్రం వేరే గట్టు మీదికి మారింది.

"అక్కా, ఆయన అడగట్లేదు. అడిగితే బావుణ్ణు. లేదని చెప్పడానికైనా ఒక వీలుండేది" అంది ఫోన్లో. కాసేపాగి, "నాకూ ఆయన మీద అనుమానం వస్తోందే" అంది. ఒక్క అంకె, అదీ చుక్క పక్కనున్న అంకె, ఇద్దరి మధ్యా గోడ కట్టేసింది.

గుంటూరులో మాకు తెలిసిన పెద్ద డాక్టరమ్మ దగ్గరికి ఇద్దర్నీ తీసుకెళ్ళాను. ఆవిడ రిపోర్టు చూసి, "ఒళ్ళు మీద ఎప్పుడైనా పుండ్లు, నీటిపొక్కులు వచ్చాయా?" అని అడిగారు. లేదంది చెల్లి. "మరైతే ఈ కాగితాన్ని ఇప్పుడే నమ్మకండి. అలాగని చింపెయ్యకండి" అన్నారు.

ఆవిడ చెప్పిందీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను.

ఈ పరీక్ష వైరస్‌ని చూడదు. వైరస్ మీద మన ఒళ్ళు తయారుచేసిన యాంటీబాడీలను చూస్తుంది. ఐజీఎం ఉంటే కొత్తగా సోకిందని అనుకుంటాం. కానీ హెర్పిస్ విషయంలో అది నమ్మదగ్గ సాక్షి కాదు. ఒకటో రకమో, రెండో రకమో విడదీయలేదు. పాతది తిరగబెట్టినా కనిపిస్తుంది. అందుకే అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ ఐజీఎం పరీక్ష వద్దంటోంది.

ఇక ఐజీజీ. చాలా కిట్లలో 0.9 లోపు నెగెటివ్, 1.1 దాటితే పాజిటివ్, మధ్యలో ఉంటే సందేహం. కానీ 1.1 దాటగానే తీర్పు వచ్చేసినట్టు కాదు. రెండో రకం హెర్పిస్‌కి 3 లోపు అంకె వస్తే మరో పద్ధతిలో పరీక్షచేసి ధ్రువపరచుకోవాలని సీడీసీ 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ కాస్త అంకెల్లో తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువ మరి.

ఎందుకలా అంటారా? బియ్యంలో రాళ్ళేరడం గుర్తుతెచ్చుకోండి. రాళ్ళు బాగా తక్కువున్న బియ్యాన్ని మసక కళ్ళతో ఏరితే, పక్కకు తీసినవాటిలో సగం మంచి గింజలే ఉంటాయి. లెక్కకు వెయ్యిమందిలో 50 మందికే నిజంగా వైరస్ ఉందనుకుందాం. పరీక్ష నూటికి అయిదుగురి విషయంలో పొరబడుతుందనుకుందాం. మిగిలిన 950 మందిలో దాదాపు 48 మందికి లేని జబ్బు అంటగడుతుంది. అంటే పాజిటివ్ వచ్చినవాళ్ళలో సుమారు సగంమంది నిర్దోషులే! లక్షణాలేమీ లేనివాళ్ళకి, గర్భిణులతో సహా, ఈ రక్తపరీక్ష మామూలుగా చేయొద్దని అమెరికా నిపుణుల బృందం 2023లో మరోసారి చెప్పింది అందుకే. గర్భాలు వరసగా పోయినా టార్చ్ పరీక్ష మానేయమని బ్రిటన్ ప్రసూతి వైద్యుల కాలేజీ 2011లోనే అంది.

పన్నెండు వారాలాగి, వేరే పద్ధతిలో, రెండు రకాలకీ విడివిడిగా మళ్ళీ చేయించమన్నారు డాక్టరమ్మ. యాంటీబాడీలు పూర్తిగా తయారవడానికి అంత సమయం పట్టొచ్చట. ఆ మూడునెలలూ ఆ ఇంట్లో ఎలా గడిచాయో చెల్లికే తెలుసు. చివరికి రెండో రకం లేదని తేలింది. ఒకటో రకం మాత్రం ఉంది.

"అదీ హెర్పిసేగా?" అన్నాడు మరిది భయంగా.

"జ్వరం వచ్చి తగ్గేటప్పుడు మూతి పేలుతుంది చూడండీ, అది ఇదే. చిన్నప్పుడు ఎవరో ముద్దుపెట్టుకున్నప్పుడు వచ్చుంటుంది" అన్నారు డాక్టరమ్మ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 అంచనా ప్రకారం యాభై ఏళ్ళలోపువారిలో నూటికి 64 మందికి ఇది ఉంది. జ్వరమొచ్చినప్పుడల్లా మూతి పేలేది ఎవరికనుకున్నారు? వాళ్ళత్తగారికే.

ఆ మాట విని నేను నవ్వాను. చెల్లి నవ్వలేదు. "ఒకవేళ రెండోసారీ పాజిటివ్ వచ్చుంటే, నేను తప్పుచేసినదాన్ని అయిపోయేదాన్నా అక్కా?" అంది.

అసలు ప్రశ్న అదే. రెండో రకం నిజంగా ఉన్నా ఆ రిపోర్టు ఎవరి నుంచి వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో చెప్పదు. చాలామందికి లక్షణాలే కనిపించవు. పదేళ్ళ కిందటిదైనా కావచ్చు, పెళ్ళికి ముందుదైనా కావచ్చు. ప్రపంచంలో 15 నుంచి 49 ఏళ్ళవారిలో నూటికి 13 మందికి అది ఉందని అంచనా. మందులున్నాయి. గర్భిణి అయితే డాక్టరుకు చెప్పాలి. అవసరమైతే చివరి నెలలో మాత్రలిస్తారు. కాన్పు సమయానికి పుండ్లుంటే ఆపరేషన్ చేస్తారు. గర్భం చివరి రోజుల్లో మొట్టమొదటిసారి సోకితేనే బిడ్డకు ముప్పు ఎక్కువ.

కాబట్టి అలాంటి రిపోర్టు మీ ఇంటికొస్తే డాక్టరుని నాలుగు మాటలడగండి. ఇది ఐజీఎమ్మా, ఐజీజీనా? ఏ రకం? అంకె ఎంత? మళ్ళీ ఎప్పుడు, ఏ పద్ధతిలో చేయించాలి? పుండు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా వెళ్ళండి. అక్కడినుంచి దూదిపుల్లతో తీసి చేసే పీసీఆర్ పరీక్ష రక్తపరీక్షకంటే సూటిగా చెబుతుంది.

భార్యాభర్తలు ఒకరినొకరు అడగాల్సింది ఏదైనా ఉంటే నోటితో అడగండి. ఆ పని లేబొరేటరీకి అప్పగించకండి. గ్లాసులు వేరుచేయకండి.