కైగాకుకు సగం చాలలేదు



మన యౌవనస్థులు ఫోన్లలో చూసే జపాన్ బొమ్మల కథ 'డీమన్ స్లేయర్' గురించి ఈ వారం రాస్తున్నాను. దయ్యాల కథ మీద పాస్టర్ రాయడమేమిటని కొందరు పెద్దలు అడుగుతారు, తెలుసు. పిల్లలు చూసేది మనం చూడకుండా "వద్దు" అంటే ఆ మాటకు విలువుండదు. పైగా అందులో ఒకడున్నాడు. వాణ్ణి చూశాక నాకు మన ఇళ్లు గుర్తొచ్చాయి.

ఈ కథ రాసి, బొమ్మలు గీసింది కొయొహారు గొతోగె. 2016 నుంచి 2020 దాకా షోనెన్ జంప్ అనే వారపత్రికలో వచ్చింది. పుస్తకాలుగా 23 సంపుటాలు. చివరి యుద్ధంలో మొదటి భాగం 'ఇన్ఫినిటీ క్యాసిల్' అనే సినిమాగా 2025 సెప్టెంబరులో తెలుగులో కూడా విడుదలైంది. ముజాన్ అనేవాడు దయ్యాలకు రాజు. తన రక్తం ఇచ్చి మనుషుల్ని దయ్యాలుగా మారుస్తాడు. వాడి అనుచరుల్లో పై వరస ఆరుగురిదైతే, అందులో ఆరో స్థానం కైగాకుది. అది కూడా ముందున్నవాళ్లు చచ్చి ఖాళీ అయిన స్థానం.

వీడు మొదట దయ్యాలతో పోరాడడానికి కత్తి పట్టినవాడే. జిగోరో కువాజిమా అనే కుంటి ముసలి గురువు దగ్గర ఇద్దరు శిష్యులు. పెద్దవాడు కైగాకు, చిన్నవాడు జెనిట్సు. ఆ గురువు విద్యలో ఆరు పట్లు ఉంటాయి. జెనిట్సు ఏడుపుగొట్టు పిల్లవాడు, పారిపోయే రకం. వాడికి మొదటి పట్టు ఒక్కటే వచ్చింది. కైగాకుకు మిగతా ఐదూ వచ్చాయి గానీ ఎంత సాధన చేసినా ఆ మొదటిది రాలేదు. గురువు ఆలోచించి, ఇద్దరూ కలిసి నా వారసులు అన్నాడు. ఒకడికి లేనిది రెండోవాడి దగ్గరుంది కదా అని.

కైగాకుకు అది అవమానమైంది. ఐదు నేర్చిన నన్ను ఒకటి నేర్చినవాడి పక్కన నిలబెడతావా అని లోపల రగిలిపోయాడు. తర్వాత ఒక రాత్రి ముజాన్ సేవకుల్లో అందరికంటే బలవంతుడైన కొకుషిబో ఎదురైతే నేలకు తల ఆనించి ప్రాణభిక్ష అడిగాడు, దయ్యమైపోయాడు. శిష్యుడు చేసిన పనికి బాధ్యత తనదేనని ఆ గురువు కడుపు కోసుకుని చనిపోయాడు. (ఆత్మహత్య ఏ దేశపు ఆచారమైనా నేను సమర్థించను. యువకులు ఇది గుర్తుంచుకోవాలి.)

ప్రాణభయంతో మోకరించినందుకు నేను కైగాకును పెద్దగా తప్పుపట్టను. చలిమంట దగ్గర ఒక పనిపిల్లకు భయపడిన పేతురును మన ప్రభువు తిరిగి నిలబెట్టాడు. నన్ను కలవరపెట్టింది ఆ తర్వాత వాడు గర్వంగా చెప్పుకునే లెక్క. నన్ను సరిగ్గా గుర్తించినవాడు మంచివాడు, గుర్తించనివాడు చెడ్డవాడు. వాడికి మంచికీ చెడుకీ మధ్య గీత అదొక్కటే. అలాంటి మనసున్నవాణ్ణి కొనుక్కోవడానికి డబ్బు కూడా అక్కర్లేదు, ఒక్క పొగడ్త చాలు.

మన బైబిలులో 1 సమూయేలు 22వ అధ్యాయం ఒకసారి తీసి చదవండి. సౌలు రాజు చేతిలో ఈటె పట్టుకుని చెట్టు కింద కూర్చున్నాడు. దావీదు మీది భయంతో నిద్రపట్టని రాజు. తనవాళ్లనే నిలదీస్తున్నాడు: ఆ యెష్షయి కొడుకు మీకు పొలాలిస్తాడా, పదవులిస్తాడా అని. అప్పుడు నోరు విప్పినవాడు దోయేగు, ఎదోమీయుడు, సౌలు పశువుల కాపరులకు పెద్ద. నోబులో దావీదుకు యాజకుడు రొట్టె ఇచ్చాడని చెప్పేశాడు. యాజకులను చంపమంటే రాజు సొంత భటులు చెయ్యెత్తలేదు. దోయేగు ఎత్తాడు. ఒక్కరోజే 85 మంది. దోయేగు మనసులో ఏముందో వాక్యం చెప్పలేదు, కాబట్టి నేనూ చెప్పను. కానీ అభద్రత నిండిన యజమానికి ఎప్పుడూ ఇలాంటి ఒక మనిషి కావాలి, అలాంటి మనిషి దొరుకుతాడు కూడా.

మన కొత్తగూడెంలో దీనికి కత్తులు అక్కర్లేదు, ఫ్లెక్సీ చాలు. చౌరస్తాలో నాయకుడి నిలువెత్తు బొమ్మ, కింద చివరి వరసలో తపాలా బిళ్లంత ఫోటో. ఆ బిళ్ల కోసం అన్న చెప్పిన ఇంటి మీదికల్లా గొడవకు పోయే పిల్లలు నాకు తెలుసు.

ఒక కుటుంబం గురించి చెబుతాను. వాళ్లను అడిగే రాస్తున్నాను, పేర్లు ఉండవు. తండ్రి బాయిలో పనిచేసి ఆరోగ్యం చెడి అన్‌ఫిట్ అయ్యాడు. ఇద్దరు కొడుకులు. డిపెండెంట్ ఉద్యోగం ఒక్కరికే అని మీకు వేరే చెప్పాలా, సింగరేణి ఇళ్లలో అన్నదమ్ముల మధ్య ఎన్ని అన్నం కంచాలు ఈ ఒక్క మాట మీద విసిరేశారో! ఆ తండ్రి ఉద్యోగం చిన్నవాడికి రాయించి, ఇంటి జాగా పెద్దవాడి పేర పెట్టాడు. తన దగ్గర ఉన్నది రెండే, రెండూ ఇచ్చేశాడు. పెద్దవాడికి మాత్రం నాన్న తమ్ముణ్ణే చూసుకున్నాడన్న మాట మనసులో నాటుకుంది. ఆ తర్వాతే ఒక అన్న వెనక తిరగడం, ఫ్లెక్సీ, రాత్రిళ్లు ఇంటికి రాకపోవడం. తండ్రి పోయినప్పుడు కూడా సమాధుల దగ్గర తమ్ముడికి ఎదురుగా నిలబడ్డాడు గానీ పక్కన నిలబడలేదు.

ఆ సినిమా అతనే నాకు ఫోన్‌లో చూపించాడు. కైగాకు చనిపోయే చోట ఆపాడు. జెనిట్సు ఎవరికీ తెలియని ఏడో పట్టుతో వాడి తల నరుకుతాడు. కైగాకుకు పడిపోతూ కూడా అదే అనుమానం, ముసలాడు నాకు దాచి వీడికి నేర్పాడని. అది గురువు నేర్పింది కాదు, నేనే కనిపెట్టుకున్నాను, ఎప్పటికైనా దీనితో నీ పక్కన నిలబడి పోరాడాలనుకున్నాను అంటాడు జెనిట్సు. ఆ మాట కూడా వాడి కోపాన్నే పెంచింది. ఐదు పట్లు వచ్చినవాడు పక్కనున్నవాడి ప్రేమను మాత్రం చివరిదాకా పట్టుకోలేకపోయాడు.

"వాడు ఆ మాట నమ్మి ఉంటే ఏమయ్యేదయ్యగారూ?" అని అడిగాడు. నేను లూకా 15లో పెద్దకొడుకు దగ్గరికి తీసుకెళ్లాను. విందు మానేసి బయట నిలబడ్డవాడి కోసం తండ్రే లేచి వచ్చాడు, నాదంతా నీదే కదా అన్నాడు. అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

వచ్చే బుధవారం గృహకూడిక వాళ్లమ్మ ఉండే క్వార్టర్‌లోనే. ఎప్పట్లా సాయంత్రం ఆరింటికని చెప్పాను. నిన్న పెద్దవాడు ఫోన్ చేశాడు: "తమ్మునికి ఆ వారం సెకండ్ షిఫ్ట్ అయ్యగారూ. పొద్దున పదింటికి పెట్టండి." కాబట్టి వచ్చేవాళ్లు సమయం మారిందని గమనించగలరు.