ఆదివారం తరువాత ఆరు రోజులు

మన పత్రిక చదివేవారిలో అన్ని మతాల వారూ ఉన్నారు. ఇది మత ప్రచారం కాదని ముందే మనవి చేస్తున్నాను. ఆదివారం ఆరాధనలో విన్న మాట సోమవారం ఆఫీసులో ఏమవుతుందన్నదే నా ప్రశ్న.

చెన్నైలో చేపాక్ దాటి మైలాపూరు వైపు ఎం.ఆర్.టి.ఎస్. రైలులో వెళ్ళేవారికి కింద నల్లటి నీటి కాలువ కనిపిస్తుంది. అదే బకింగ్‌హామ్ కాలువ. ఒకప్పుడు ఆంధ్ర తీరం నుంచి సరుకుల పడవలు దీని మీదే మద్రాసు వచ్చేవి. 1876-78 నాటి ధాత కరువులో జనానికి పని కల్పించేందుకు ప్రభుత్వం ఈ కాలువ పనులు పెద్దఎత్తున చేయించింది. నగరంలో కూవం, అడయారు నదులను కలిపే భాగం అప్పుడు తవ్విందే. నాటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరే దీనికి పెట్టారు.

ఒంగోలు ప్రాంతంలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నది జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. ఆయనకు సర్వే పని తెలుసు. ఆకలితో వచ్చిన వేలమందికి పని ఇచ్చి, తన బోధకులనే వారి మీద మేస్త్రీలుగా పెట్టారు. కరువు సాయం సాగినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. సాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

మా సంఘాల్లో ఆ 2,222 సంఖ్యనే చెప్పుకుంటాం. లెక్కల మనిషిని కనుక నా మనసు అంతకు ముందరి నెలల మీదికే పోతుంది. చేసిన పనికి కూలి, కూలికి మరో షరతు లేదు. ఆయన భక్తి నాకు అక్కడే కనిపిస్తుంది.

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన శాఖలో ఊడ్చే పని ఒక కాంట్రాక్టరు చూసేవారు. ఆయన మా సంఘ సభ్యుడే. పనిచేసే ఆమెది నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఈ నగరాన్ని శుభ్రం చేసేవారిలో తరతరాలుగా మన తెలుగువారు చాలామంది. ఒకరోజు ఆమె, “సార్, నా పేరున కాగితంలో ఎంత రాసుంటాది?” అని అడిగింది. చూస్తే, రాసిన దానిలో మూడోవంతు ఆమె చేతికి రావడం లేదు. ఆ బిల్లు పాసు చేసే సంతకం నాది.

కూలి ఆమె ఖాతాలో జమ చేసిన రసీదు జతపరిస్తేనే బిల్లు పాసు చేస్తానన్నాను. అప్పుడు అమలులో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రకారం, కాంట్రాక్టరు ఎగ్గొట్టిన కూలికి పని చేయించుకున్న సంస్థే బాధ్యత వహించాలి. ఆయన నొచ్చుకున్నారు. “బ్రదర్, ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకునేవాళ్ళం. నా మీద మీకు ఇంత అనుమానమా?” అన్నారు.

“అందుకే మీకు ముందు చెబుతున్నాను బ్రదర్. పై ఆఫీసుకు రాయలేదు” అన్నాను.

మరుసటి నెల నుంచి ఆమెకు పూర్తి జీతం అందింది. పాత తేడా మూడు వాయిదాలలో వచ్చింది. ఆయన మాత్రం నాతో మాటలు మానేశారు. వాళ్ళమ్మాయి పెళ్ళికి మాకు శుభలేఖ రాలేదు. ఆ పిల్లను చిన్నప్పటి నుంచి ఎత్తుకు తిరిగిన నా భార్య చాలా బాధపడింది. కూలివారికి ఇవ్వకుండా ఆపిన కూలి గురించి యాకోబు పత్రికలో గట్టి హెచ్చరిక ఉంది. దాని మీద ప్రసంగాలు ఎన్నో విన్నాను. దాన్ని పాటిస్తే ఒక స్నేహం పోతుందని ఏ ప్రసంగంలోనూ వినలేదు. అయినా ఆ సంతకం మళ్ళీ పెట్టవలసి వస్తే అలాగే పెడతాను.

మన మతం ఏదైనా, మన ఇంట్లో పనిచేసేవారికి ఒకటో తారీఖున జీతం అడగకుండానే అందుతోందా? జబ్బు చేసిన రోజుకు కోత పడుతోందా? ఈ లెక్క ఇంటింటా చూసుకోదగినదే. మేము వేళకు చర్చికి చేరడం కోసం మా పనిమనిషి ఆదివారం పొద్దున్నే వచ్చేది. ఇప్పుడు ఆమెకు ఆ రోజు జీతంతో సెలవు. అంట్లు మేమిద్దరమే తోముకుంటున్నాం. ఆరాధనకు ఒక పాట ఆలస్యంగా వెళుతున్నాం, అంతే.