తాళాల గుత్తి

మా పాప కింది పెదవి లోపలి వైపు ఒక మచ్చ ఉంది. అది జ్వరం వల్ల వచ్చింది కాదు, ఫిట్స్ వల్ల వచ్చిందీ కాదు. నేను స్టీలు చెంచా కుక్కితే వచ్చింది.

అప్పటికి పాపకు ఏడాదిన్నర. ఫిల్మ్‌నగర్‌లో దైవసన్నిధానం గుడికి కాస్త దూరంలో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. పైన రోడ్డెక్కితే జూబ్లీహిల్స్ బంగళాలు. మా సందులో లైట్‌మన్లు, ప్రొడక్షన్ వ్యాన్ల డ్రైవర్లు, కాస్ట్యూమ్స్ కుర్రాళ్లు, నాలాగే పెద్ద రచయితల దగ్గర సీన్లు రాసిపెట్టే వాళ్లు ఉండేవాళ్లు. ఆ సాయంత్రం నా భార్య డబ్బింగ్ థియేటర్‌లో ఉంది. ఇంట్లో నేనూ, మా అత్తయ్యా.

పాపకు మధ్యాహ్నం నుంచీ ముక్కు కారుతోంది, మాటిమాటికీ చెవి లాక్కుంటోంది, ఒళ్లు కాలుతోంది. చలికి వణుకుతోందనుకుని ఫ్యాన్ ఆపి రగ్గు కప్పాను. కాసేపటికి ఒక్కసారిగా బిగుసుకుపోయింది. కళ్లు తేలేసింది. పళ్లు గిట్టకరుచుకుపోయాయి. కాళ్లూ చేతులూ ఒకే లయలో కొట్టుకోవడం మొదలైంది. పెదవులు నీలంగా మారాయి, నోటి చివర నురగ. పిలిస్తే పలకదు. బిడ్డ పోయిందనే అనుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యాడదు. కానీ రాయాలి. జ్వరంలో పిల్లలకు ఫిట్స్ రావడం మొదటిసారి చూసిన తల్లిదండ్రుల్లో చాలామంది అదే అనుకుంటారు. ఆ తర్వాత చేసే పనులన్నీ ఆ భయమే చేయిస్తుంది.

నాలుక కొరుక్కుంటుందని, మింగేస్తుందని చిన్నప్పటి నుంచీ విన్నాను. వంటగదిలోంచి చెంచా తెచ్చి పళ్ల మధ్య దూర్చాను. పెదవి చీలి రక్తం వచ్చింది. ఆ రక్తం ఫిట్స్ వల్లే వస్తోందనుకుని ఇంకా గట్టిగా నొక్కాను. అత్తయ్య ఉల్లిపాయ చితగ్గొట్టి ముక్కు దగ్గర పెట్టింది. అరుపులు విని పక్కింటి లైట్‌మన్ భార్య పరుగెత్తుకొచ్చి, "చేతిల తాళాలు పెట్టుండ్రి అన్నా, ఇనుముది పెట్టుండ్రి!" అంటూ తన కొంగుకున్న గుత్తి తీసి పాప పిడికిట్లో బలవంతంగా ఇరికించింది. నేను చేతులు కదలకుండా అదిమి పట్టుకున్నాను. కాసేపటికి కుదుపులు తగ్గి, ఆగిపోయాయి. పాప వాడిపోయి మగతగా పడుకుంది.

తాళాలు పెట్టారు, ఫిట్స్ ఆగాయి. ఆ గదిలో ఉన్న అందరికీ అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ నమ్మకం ఇన్ని తరాలు ఎలా నిలిచిందో తెలుస్తుంది. జ్వరంతో వచ్చే ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. తాళాలు వెతికి, మనిషిని పిలిచి, పిడికిలి విప్పి పెట్టేసరికి ఆ సమయం గడిచిపోతుంది. చివరికి ఎవరు ఏది చేసి ఉంటే దానికే ఆ పేరు దక్కుతుంది. ఉల్లిపాయ పెట్టినవాళ్లు ఉల్లిపాయ అంటారు, తాయెత్తు కట్టినవాళ్లు తాయెత్తు అంటారు.

పక్కింటావిడ తర్వాత మామూలుగా అన్న మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది: "సినిమాల సుత చూపిస్తరు గద అన్నా." అవును, చూపిస్తారు. అలాంటి సీన్ ఒకటి నేనే రాశాను. బస్టాండులో ఒకతను పడిపోయి కొట్టుకుంటుంటాడు, జనం చుట్టూ చేరి చూస్తుంటారు, హీరో లారీ తాళాలు తీసి అతని గుప్పెట్లో పెడతాడు, అతను తేరుకుంటాడు. హీరో మంచితనం చూపించడానికి ఒక చిన్న సీన్ కావాలన్నారు, రాసిచ్చాను. నిజమా కాదా అని ఏ డాక్టరునూ అడగలేదు. అడగాలని తోచలేదు కూడా. మా సందులో అందరికీ ఆ తాళాల మీద అంత నమ్మకం ఉందంటే, దాన్ని పెంచినవాళ్లలో నేనొకణ్ని.

ఆసుపత్రికి ఆటోలో వెళ్లాం. దారి పొడవునా పాపను వెల్లకిలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అదీ తప్పే. 108 అంబులెన్స్ సేవ 2005 ఆగస్టులో మొదలైంది ఈ హైదరాబాద్‌లోనే. ఆ నంబరు నాకు గుర్తే రాలేదు.

డ్యూటీ డాక్టరమ్మ టార్చ్ వేసి పాప నోరు చూసింది. "చెంచా ఎవరు పెట్టారు?" అంది. చెప్పాను. కోప్పడలేదు. "నాలుకను ఎవరూ మింగలేరు. కొరుక్కున్నా ఆ గాయం మానిపోతుంది. మీరు పెట్టిన చెంచాకు పన్ను ఊడి ఊపిరిగొట్టంలోకి పోయి ఉంటే బిడ్డ దక్కేది కాదు" అంది. తర్వాత ఎంతసేపు వచ్చిందని అడిగింది. నేను పావుగంట అన్నాను. అత్తయ్య అరగంట అంది. ఎవరమూ గడియారం చూడలేదు. వైద్యానికి అన్నిటికంటే అవసరమైన సంగతి అదే, మా దగ్గర లేనిదీ అదే.

ఆమె ఎందుకు అడిగిందో ఆ రాత్రి నెమ్మదిగా చెప్పింది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో వందకు ఇద్దరి నుంచి ఐదుగురికి ఇలా వస్తుంది. ఏడాది, ఏడాదిన్నర వయసులో ఎక్కువ. ఆ వయసు మెదడు జ్వరానికి తొందరగా చలిస్తుంది. కొన్ని కుటుంబాల్లో అది వంశపారంపర్యంగానూ ఉంటుంది. జ్వరం 104 దాటితేనే వస్తుందన్నది అపోహ, 100.4కే రావచ్చు. జ్వరం ఉందని ఇంట్లో వాళ్లు గుర్తించక ముందే ఫిట్స్ వచ్చే పిల్లలూ ఉన్నారు. ఒళ్లంతా ఒకేలా కొట్టుకుని, పదిహేను నిమిషాల లోపు ఆగి, ఇరవై నాలుగు గంటల్లో మళ్లీ రాకపోతే అది మామూలు రకం. ఒక చేయో ఒక కాలో మాత్రమే కొట్టుకున్నా, పదిహేను నిమిషాలు దాటినా, అదే రోజు మళ్లీ వచ్చినా లోతుగా చూడాలి. అందుకే గడియారం ముఖ్యం.

డాక్టరమ్మ పాప మెడ వంచి చూసింది, మాడు తడిమింది, పాప తెలివిలోకి వచ్చి, అప్పటికి ఆసుపత్రికి చేరుకున్న వాళ్లమ్మను గుర్తుపట్టేదాకా మమ్మల్ని కదలనివ్వలేదు. ఫిట్స్‌కు కారణం మామూలు జ్వరమా, మెదడు పొరలకు పాకిన ఇన్ఫెక్షనా అన్నదే ఆ గంటలో తేల్చాల్సిన విషయం. మెడ బిగుసుకోవడం, మాడు ఉబ్బడం, ఆగకుండా వాంతులు, ఎంతకీ వదలని మగత ఉంటే వెన్నులోంచి నీరు తీసి పరీక్షించాల్సి రావచ్చు. పాపకు అవేవీ లేవు. చెవిలో ఇన్ఫెక్షన్ కనిపించింది. ఈఈజీ, స్కానింగ్ చేయమని నేనే బతిమాలాను. మామూలు రకానికి అక్కర్లేదని ఆమె ఒప్పుకోలేదు.

అక్కడితో నేను నేర్చుకుని ఉంటే బాగుండేది. భయం కొత్త రూపంలో ఇంటికొచ్చింది. జ్వరం రాకుండా చేస్తే ఫిట్స్ రావు అని నిశ్చయించుకున్నాను. ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, రాత్రి అలారం పెట్టుకుని లేచి మందు పోసేవాణ్ని. ఇంట్లో పారాసిటమాల్ మూడు సీసాలుండేవి, మూడూ మూడు రకాలు. చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు. మామూలు సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 120. స్ట్రాంగ్ అని ఇచ్చే సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 250. పది కిలోల బిడ్డకు ఒక మోతాదు 150 మిల్లీగ్రాములు అనుకుంటే చుక్కల మందు ఒకటిన్నర మిల్లీలీటరు చాలు, స్ట్రాంగ్ సిరప్ మూడు, మామూలు సిరప్ ఆరు పైచిలుకు. నేను ఏ సీసా చేతికొస్తే దాన్ని ఒకే మూతతో కొలిచాను. పైగా జలుబుకిచ్చిన ఇంకో సిరప్‌లోనూ పారాసిటమాలే ఉంది. తర్వాత పాపను చూపించడానికి వెళ్లినప్పుడు సీసాలన్నీ సంచిలోంచి తీసి బల్ల మీద పెడితే డాక్టరమ్మ ముఖం మారిపోయింది. ఆ మందు ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. పాప అదృష్టం బాగుండి ఏమీ కాలేదు.

ఆ రోజు ఆమె చెప్పింది వినడానికి కష్టమైంది: జ్వరం మందు బిడ్డ ఒళ్లునొప్పులకు, చిరాకుకు. ఫిట్స్‌ను ఆపుతుందన్న హామీ దానికి లేదు. ఫిన్లాండ్‌లో ఒకసారి ఫిట్స్ వచ్చిన 231 మంది పిల్లలకు జ్వరం వచ్చినప్పుడల్లా మందులిచ్చి చూసి 2009లో ఫలితాలు ప్రచురించారు. మందులు తీసుకున్నవాళ్లకూ ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకూ తేడా కనిపించలేదు. నా అలారాలన్నీ నా భయానికే తప్ప పాపకు పనికొచ్చినవి కావు.

అన్నిటికంటే పెద్ద తప్పు దాచడం. ఊళ్లో చుట్టాలకు "జ్వరానికి కళ్లు తిరిగాయి" అని చెప్పాం. ప్లేస్కూల్ ఫారంలో ఆరోగ్య సమస్యల దగ్గర ఏమీ లేవని రాశాను. ఆడపిల్ల, ఫిట్స్ అన్న మాట పడితే రేపు పెళ్లికి అడ్డమొస్తుందని అత్తయ్య అంది. నేనూ కాదనలేదు. ఆమెను తప్పుపట్టలేను. పదేపదే మూర్ఛ వచ్చేవాళ్లు పెళ్లికి అర్హులు కారన్న మాట 1976 సవరణతో హిందూ వివాహ చట్టంలోకే ఎక్కింది. 1999లో గానీ దాన్ని తీసెయ్యలేదు. చట్టమే అలా అన్న కాలంలో కూతుళ్లకు పెళ్లిళ్లు చేసిన మనిషి ఆమె.

అసలు జ్వరంతో వచ్చే ఫిట్సూ, మూర్ఛ వ్యాధీ ఒకటి కాదు. అమెరికాలో కారిన్ నెల్సన్, జోనస్ ఎలెన్‌బర్గ్ అనే పరిశోధకులు జ్వరంలో ఫిట్స్ వచ్చిన 1,706 మంది పిల్లలను ఏడేళ్ల వయసు దాకా గమనించి 1976లో రాశారు. వాళ్లలో మూర్ఛ వ్యాధి వచ్చింది వందకు ఇద్దరికి. అదే పరిశోధకులు రెండేళ్ల తర్వాత ఆ పిల్లల తెలివితేటలను వాళ్ల తోబుట్టువులతో పోల్చి చూశారు, తేడా లేదు. ఈ సంగతి తెలిసి ఉంటే మేం దాచేవాళ్లమా? ఏమో. తెలియకపోవడం వల్లే దాచామని మాత్రం అనను. నలుగురూ ఏమంటారోనన్నది కూడా ఉంది.

మొదటిసారి వచ్చిన పిల్లల్లో సుమారు మూడో వంతు మందికి మళ్లీ వస్తాయి. మా పాపకు ప్లేస్కూల్లో వచ్చాయి. అక్కడి ఆయమ్మకు ఏమీ తెలియదు, తెలియనివ్వనిది నేను. ఆమె ప్రేమతోనే చేతిలో తాళాలు పెట్టింది, ముఖం మీద నీళ్లు చల్లింది, గొంతులో కాసిన్ని నీళ్లు కూడా పోసింది. స్పృహ లేని బిడ్డకు గుటక పడదు, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. దగ్గుతో మొదలై ఆయాసం దాకా వెళ్లి, ఆసుపత్రిలో ఉంచి చూడాల్సి వచ్చింది. ఆయమ్మ వార్డు గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చింది. "ముందే చెప్పుంటే బాగుండు గద సార్" అంది. ఆమెకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. మర్నాడు వెళ్లి ఫారం మార్పించాను, ఏం చేయాలో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి వాళ్ల గోడకు అంటించాను. అత్తయ్య చేత కూడా చదివించాను.

మూడోసారి ఇంట్లోనే. చాప మీద పక్కకు తిప్పి పడుకోబెట్టాను, తల కింద మడతపెట్టిన చీర పెట్టాను, గౌను మెడ దగ్గర వదులు చేశాను. చేతులు పట్టుకోలేదు, నోట్లో ఏమీ పెట్టలేదు. నా భార్య గోడ గడియారం చూస్తూ నిమిషాలు బయటికి లెక్కపెట్టింది. ఐదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టమని డాక్టరమ్మ పాప బరువును బట్టి రాసిచ్చిన మిడజోలం స్ప్రే పక్కనే ఉంది, వాడాల్సిన అవసరం రాలేదు. ఏమీ చేయకుండా కూర్చోవడం నా జీవితంలో చేసిన పనులన్నిటిలోకీ కష్టమైంది. అయినా బిడ్డకు కావలసింది అదే.

ఇప్పుడు పాపకు ఐదేళ్లు దాటాయి. మళ్లీ రాలేదు.

చిన్నపిల్లలున్న తల్లిదండ్రులకు చెప్పేది ఇదే. మీ బిడ్డకు జ్వరంలో ఫిట్స్ వస్తే పక్కకు తిప్పండి, టైము చూడండి, ఫోన్‌లో వీడియో తీయగలిగితే తీయండి, డాక్టరుకు చాలా ఉపయోగం. ఐదు నిమిషాలు దాటినా, ఊపిరి సరిగా ఆడకపోయినా 108కి ఫోన్ చేయండి. మొదటిసారి అయితే ఎంత త్వరగా ఆగినా సరే, వెంటనే చూపించండి. హైదరాబాద్‌లో ఉంటే నీలోఫర్ ఆసుపత్రికైనా, దగ్గర్లోని పిల్లల ఆసుపత్రికైనా వెళ్లండి. బిడ్డను చూసుకునే ప్రతి ఒక్కరికీ, అమ్మమ్మకూ ఆయమ్మకూ, దాచకుండా చెప్పండి.

ఫిల్మ్‌నగర్‌లో కథాచర్చలకు కూర్చునే నా తోటివాళ్లకు వేరే విన్నపం. ఫిట్స్ సీన్ రాయాల్సి వస్తే తాళాలు రాయకండి. పడిపోయిన మనిషిని పక్కకు తిప్పి, గడియారం చూసే మనిషిని రాయండి. రాసేముందు ఒక డాక్టరును అడగండి.