మోకాలిని వెంటబెట్టుకుని పరుగు

మోకాలు నొప్పిగా ఉందని ఒక్కసారి పైకి అని చూడండి. హైదరాబాదులో ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి నాచారం దాకా ఏ టీ కొట్టు దగ్గరైనా సరే, టీ చల్లారేలోపు నాలుగు వైద్యాలు వచ్చి పడతాయి. "గుజ్జు అరిగినట్టుంది అన్నా, ఇగ ఉరుకుడు బంద్ చెయ్యి" అంటారొకరు. "నువ్వుల నూనె రాసి కాపడం పెట్టుకో బిడ్డా, పోతది" అంటుంది పక్కింటి పెద్దమ్మ. "మోకాలికి క్యాప్ ఏస్కొని ఉరుకన్నా, ఏం గాదు" అంటాడు రోజూ ఎదురయ్యే కుర్రాడు. అందరూ మన మంచి కోరేవాళ్ళే. కానీ ఈ సలహాలన్నీ కలిపి చూస్తే చివరికి మిగిలేవి రెండే దారులు. పరుగు మానెయ్యడం, లేదంటే పళ్ళు బిగించి పరుగెత్తడం. చాలామంది మోకాళ్ళకు మూడో దారి ఒకటుంది. మోకాలు ఎంత మోయగలదో కనిపెట్టి, అంతవరకే మోయించి, ఆ మోసే శక్తిని నెమ్మదిగా పెంచుకుంటూ పోవడం. ఇవాళ మీతో ఆ కబుర్లే.

ముందు నా మోకాలి సంగతి చెప్తాను. కుడి మోకాలు. నొప్పి చిప్ప వెనకాల ఎక్కడో ఉంటుంది, వేలు పెట్టి ఇదిగో ఇక్కడ అని చూపించలేను. మెట్లు ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడు ఎక్కువ. సినిమా హాల్లో చివరిదాకా కూర్చుని లేస్తే మోకాలు పట్టేసినట్టుంటుంది. పరుగు మొదట్లో దాని ఉనికే తెలియదు, దూరం పెరిగేకొద్దీ సన్నగా మొదలవుతుంది. మీకూ ఇలాగే ఉంటే, పరుగెత్తేవాళ్ళలో చాలా మామూలుగా కనిపించే నొప్పి ఇదే అయివుండొచ్చు. డాక్టర్లు ప్యాటెల్లోఫిమొరల్ పెయిన్ అంటారు, పరుగు బృందాల్లో రన్నర్స్ నీ అంటారు.

చిప్ప చేసే పని బావి మీద గిలక చేసే పనే. తొడ ముందు వైపు కండరం తాడైతే, ఆ తాడు చిప్ప మీదుగా దిగి కింది ఎముకను లాగుతుంది. చిప్ప ఉండబట్టే తక్కువ బలంతో కాలు చాచగలుగుతున్నాం. మోకాలి మీద బరువు మోపి వంచేకొద్దీ ఆ చిప్పను తొడ ఎముక మీదికి అదిమే ఒత్తిడి పెరుగుతుంది. చదును నేల మీద నడుస్తుంటే అది తక్కువ. మెట్లు దిగడంలో, పల్లంలో పరుగెత్తడంలో, గొంతుక్కూర్చుని లేవడంలో మన ఒంటి బరువుకు కొన్ని రెట్లు అవుతుంది. వారం వారం కొద్దికొద్దిగా దూరం పెంచుకుంటే ఆ ఒత్తిడికి కాలు అలవాటు పడుతుంది. నెలరోజులు ఊరుకుని ఒక్క ఆదివారం అంతా కలిపి పరుగెడితే ఎదురు తిరుగుతుంది.

ఇంకో సంగతి. నొప్పి మోకాల్లో ఉన్నా కారణం అక్కడే ఉండాలని లేదు. మా ఫిజియో అమ్మాయి దీన్ని నోటితో చెప్పకుండా చేయించి చూపించింది. అద్దం ముందు జానెడు ఎత్తు చెక్క మెట్టు వేసి, దాని మీద ఒంటికాలితో నిలబడి, రెండో కాలి మడమను నెమ్మదిగా నేలకు తాకించి మళ్ళీ పైకి తెమ్మంది. ఎడమ కాలి మీద నిలబడ్డప్పుడు మోకాలు పాదం వేళ్ళకు సూటిగానే వంగింది. కుడికాలి వంతు వచ్చేసరికి మోకాలు సన్నగా వణికి, బొటనవేలు దాటి లోపలికి ఒరిగింది. నడుము ఎడమ పక్కకు జారింది. "సార్, మీ మోకాలు మంచిగనే ఉంది. దాన్ని పట్టుకోవాల్సిన కండరాలే పైన పని చేస్తలేవు" అంటూ తుంటి పక్కన చూపించింది. అద్దంలో కళ్ళారా చూశాక ఎంత బామ్ రాస్తే ఆ ఒరుగుడు పోతుంది చెప్పండి?

అందుకే వైద్యంలో సగం తొడ, పిరుదు కండరాలకే. వాటిలో ముఖ్యమైనది మీకందరికీ తెలిసినదే, బడిలో పంతులుగారు వేయించిన గోడకుర్చీ. వీపు గోడకు ఆనించి, నొప్పి పుట్టని ఎత్తు వరకే దిగి, తొడలు మండేదాకా ఆగడం. మొదట్లో పూర్తిగా కుర్చీ అంత వంగక్కర్లేదు. పక్కకు పడుకుని పైకాలు లేపడం, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు వంచి నడుము పైకెత్తడం, మెట్టు మీంచి ఆ దిగుడు. వీటికి జిమ్ము అక్కర్లేదు, పడగ్గదిలో గోడ, చాప చాలు. కండరం బలపడటానికి వారాలు, నెలలు పడుతుంది. ఆ ఓపికే ఇందులో కష్టమైన భాగం.

ఇక మన రోడ్లు. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు వరంగల్ హైవే మీద ఎలివేటెడ్ కారిడార్ పని ఏళ్ళ తరబడి సాగింది. గుంతలు, కంకర, దుమ్ము మధ్య అక్కడ పరుగు మంచి కాళ్ళకే పరీక్ష. నాచారం పారిశ్రామికవాడలో లారీలతో పాటు పరుగెత్తాలి. మోకాలు బాగోలేని రోజుల్లో నేను చెప్పే చోటు ఉప్పల్ భగాయత్. మూసీ ఒడ్డున హెచ్‌ఎండీఏ వేసిన లేఅవుట్, మినీ శిల్పారామం ఉన్న వైపు. వెడల్పు రోడ్లు, చిన్న చిన్న చుట్లు కొట్టుకోవచ్చు. చుట్లు కొట్టడంలో గొప్ప సుఖం ఏమిటంటే, నొప్పి మొదలైన చోటే ఆగిపోయి బండి దగ్గరికి నడిచి రావచ్చు. నాచారం వాళ్ళకు హబ్సిగూడ, తార్నాక మీదుగా ఉస్మానియా క్యాంపస్ ఉంది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ ముందు ఆ చెట్ల కింద ఎంతమంది పరుగు నేర్చుకున్నారో.

పెద్ద రోడ్డే కావాలనుకుంటే మెట్రో లైను వెంబడి పరుగెత్తండి. 2017 నవంబరులో మొదలైన ఈ లైను మీద నాగోలు, ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, తార్నాక స్టేషన్లు వరసగా ఉన్నాయి. మోకాలు పేచీ పెడితే పంతానికి పోకుండా పక్క స్టేషన్లో రైలెక్కి ఇంటికి రండి. ఉప్పల్ చౌరస్తాలో 2023లో తెరిచిన స్కైవాక్‌కు లిఫ్టులున్నాయి. నొప్పి ఎక్కువగా ఉన్న రోజు మెట్లు ఎక్కి వెళ్ళినా, దిగేటప్పుడు లిఫ్టు వాడండి. దిగుడే చిప్పను ఎక్కువ బాధపెట్టేది.

ఇంకో చిన్న జాగ్రత్త. వాన నీళ్ళు పోవడానికి రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచుల వైపు వాలుగా వేస్తారు. రోజూ ఒకే అంచున ఒకే దిక్కుకు పరుగెడితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. మోకాలి బయటి పక్క నొప్పి ఉన్నవాళ్ళకు ఇది బాగా తెలుస్తుంది. చుట్లు కొట్టేటప్పుడు సగం అటు, సగం ఇటు తిరగండి. కాలనీల్లో సీసీ రోడ్లు మోకాళ్ళను తినేస్తాయని భయపడేవాళ్ళున్నారు. గట్టి నేలకూ మెత్తటి నేలకూ తగ్గట్టు కాళ్ళు తమ బిగువును మార్చుకుంటాయి. నేల గట్టిదనం కంటే హఠాత్తుగా మార్చడమే ఎక్కువ ఇబ్బంది.

ఇప్పుడు ఆ గుజ్జు భయం. మనం గుజ్జు అనేది కీళ్ళలోని మృదులాస్థిని. దానికి రక్తనాళాలు లేవు. దానికి పోషణ అందేది కీలు లోపలి ద్రవం నుంచే, ఆ ద్రవం బాగా ఆడాలంటే కీలు మీద బరువు పడుతూ లేస్తూ ఉండాలి. కదలికే దానికి తిండి. 2017లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో తుంటి, మోకాలి కీళ్ళవాతం లెక్కలు చూశారు. సరదాకు, ఆరోగ్యానికి పరుగెత్తేవాళ్ళలో 3.5 శాతం, పరుగెత్తకుండా కూర్చునేవాళ్ళలో 10.2 శాతం, పోటీ స్థాయిలో పరుగెత్తేవాళ్ళలో 13.3 శాతం. పరుగు వల్లే కీళ్ళు బాగున్నాయని ఈ లెక్క ఒక్కటే రుజువు చేయదు, కీళ్ళు బాగున్నవాళ్ళే పరుగెడుతూ ఉండొచ్చు. అయినా మితంగా పరుగెత్తడం మోకాలికి శత్రువు కాదని చెప్పడానికి ఇది చాలు. ఆ మూడో అంకె కూడా గుర్తుంచుకోండి. అదే పరుగు మితం దాటితే లెక్క మారిపోతుంది.

మన క్రీడాకారుల కథలు ఈ మాటకు రెండు వైపులా సాక్ష్యం. పుల్లెల గోపీచంద్‌కు 1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా మోకాలి లిగమెంటు తెగింది. అయినా 2001 మార్చిలో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాడు. సైనా నెహ్వాల్ 2016 రియో ఒలింపిక్స్ నుంచి మోకాలి గాయంతో తిరిగొచ్చి, సర్జరీ చేయించుకుని, మరుసటి ఏడాది గ్లాస్గో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం, 2018 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. ఆ సైనాయే 2024లో తన మోకాళ్ళకు కీళ్ళవాతం వచ్చిందని, మృదులాస్థి దెబ్బతిందని చెప్పింది. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2025 మేలో ఆసియా ఛాంపియన్‌షిప్ 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచిన కొన్ని వారాలకే ప్రాక్టీసులో మోకాలికి గాయమై ఆపరేషన్ బల్ల ఎక్కింది. వాళ్ళు దేశం కోసం కీళ్ళను పణంగా పెట్టినవాళ్ళు. మనం ఆరోగ్యం కోసం పరుగెడుతున్నాం, ఆ పందెం మనకు అక్కర్లేదు.

ఎంఆర్‌ఐ రిపోర్టు గురించి ఒక మాట. అందులో మెనిస్కస్ టేర్ (మోకాలి లోపలి మెత్తటి దిండు చిరగడం) అన్న ముక్క చూసి రాత్రంతా నిద్రపోని స్నేహితులు నాకున్నారు. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ ఊళ్ళో 50 నుంచి 90 ఏళ్ళ మధ్య వాళ్ళ మోకాళ్ళను స్కాన్ చేసి చూస్తే, చిరుగు ఉన్నవాళ్ళలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో ఏ నొప్పీ, పట్టివేతా లేదు. వయసుతో తలవెంట్రుక తెల్లబడుతుంది, మెనిస్కస్ చిరుగుతుంది. ఫోటో చూసి తీర్పు చెప్పరు, కాలు పట్టుకుని పరీక్ష చేసి ఫోటోతో కలిపి చూసి చెప్తారు. అలా చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

పూర్తి విశ్రాంతి మాట కూడా పాతబడింది. విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తిపెట్టడం అన్న సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చినవారు అమెరికా డాక్టరు గేబ్ మిర్కిన్. ఐసూ, పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చేయొచ్చని 2014లో ఆయనే రాశారు. నొప్పి తగ్గడానికి కాసేపు ఐసు పెట్టుకోవడంలో తప్పు లేదు. మంచం పట్టడమే వద్దు.

మరి ఎంతవరకు పరుగెత్తాలి? ఫిజియోలు చెప్పే కొలత తేలికైనది. నొప్పి లేకపోతే సున్నా, భరించలేనిదైతే పది. పరుగులో రెండు, మూడు దాకా ఉంటే సాగొచ్చు. అయిదు దాటితే ఆగాలి. అసలు పరీక్ష మర్నాడు పొద్దున్న. నిద్రలేచి మొదటి మెట్లు దిగేటప్పుడు నొప్పి ఎప్పటంతే ఉంటే నిన్నటి దూరం మీ మోకాలు మోయగలిగిందని. పెరిగితే ఆ దూరం తగ్గించండి, నడక కలపండి. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక అనుకుని వెళ్ళినా పరుగు పరుగే. పల్లాలు కొన్నాళ్ళు మానండి. అడుగు చిన్నది చేసి వేగంగా వేయండి. నిమిషానికి 160 అడుగులు పడుతుంటే అదే వేగంలో 168 నుంచి 176 మధ్యకు తెచ్చుకుంటే మోకాలి మీద భారం తగ్గుతుందని 2011లో పరిశోధకులు కొలిచి చెప్పారు. కొత్త బూట్లకంటే ముందు ఈ ఉచిత వైద్యం చేసి చూడండి.

ఈ మూడో దారి అన్ని మోకాళ్ళకూ కాదు, దాన్ని దాచను. కాలు మెలిపడ్డప్పుడు టక్కుమని శబ్దం వచ్చి గంటల్లోనే వాచినా, మోకాలు మధ్యలో ఇరుక్కుని చాపుకోలేకపోయినా, నడుస్తుంటే కాలు జారిపోయినట్టు తూలినా, బరువు మోపలేకపోయినా, కీలు ఎర్రగా వేడెక్కి జ్వరం వచ్చినా, రాత్రి పడుకున్నా నొప్పి వదలకపోయినా, ఇంటి వైద్యాలూ పరుగూ రెండూ ఆపి వెంటనే ఎముకల డాక్టరుకు చూపించండి. ఈఎస్ఐ కార్డున్న కార్మికులకు నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి దగ్గర్లోనే ఉంది. షిఫ్టంతా నిలబడి పనిచేసే ఆ అన్నలూ అక్కలూ మోకాళ్ళ మీద మోసే బరువు మన పరుగుకంటే తక్కువేం కాదు. ఈ కండరాల వ్యాయామాలు వాళ్ళకూ పనికొస్తాయి, మీ ఇంట్లో అమ్మకూ నేర్పండి.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ వస్తుంది. ఆ దారిలో ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు బోలెడు. మీ మోకాలు ఈ ఏడాది సగం దూరానికే సరే అంటే సగమే పరుగెత్తండి. అదీ వద్దంటే రోడ్డు పక్కన నిలబడి మిగతావాళ్ళకు నీళ్ళందించండి, వచ్చే ఏడాది పరుగెత్తవచ్చు. పోటీ ప్రతి ఏడూ వస్తుంది, మోకాళ్ళు మాత్రం మనకున్నవి ఈ రెండే. కాబట్టి ఈ రాత్రే గోడకు వీపు ఆనించి మొదలుపెట్టండి, రేపు పొద్దున్న మెట్లు దిగుతూ మోకాలి సంగతి కనుక్కోండి. ఎంత దూరం వెళ్ళాలో ఆ తర్వాతే నిర్ణయించుకోండి.